భయం కోసం ఎదురుచూడటం



దయ్యాల సీరియళ్లు, సస్పెన్స్ సీరియళ్లు విశ్వాసులు చూడవచ్చా అని యవ్వనస్థుల కూడికల్లో తరచుగా అడుగుతుంటారు. చూడవచ్చు, చూడకూడదు అని ఒక్క మాటలో చెప్పి పంపేయవచ్చు. కాని దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. భయం ఎవరికీ ఇష్టం ఉండదు కదా! మరి భయపెట్టే కథ కోసం అన్నం పళ్లెం పట్టుకుని టీవీ ముందు ఎందుకు కూర్చుంటాం?

మా తరానికి ఇది కొత్త కాదు. 1990ల చివర ఈటీవీలో 'అన్వేషిత' వచ్చే రోజుల్లో మా పేటలో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చాప మీద ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్లం. తలుపు సగం తెరుచుకుంటుంది, లోపల ఎవరో ఉన్నారనిపిస్తుంది, సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఇళ్లకు పోయేటప్పుడు ఆ చీకట్లో ముందు నడవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అయినా మళ్లీ ఆ టైముకి అందరం హాజరు.

దీనికి కారణాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, అది మన చేతిలో ఉన్న భయం. అప్పులవాడు వస్తాడన్న భయాన్ని ఆపే బటన్ లేదు. వాన రాదేమోనన్న భయానికి రిమోట్ లేదు. టీవీలో భయానికి మాత్రం ఒక హద్దు ఉంది. సౌండ్ తీసేసి చూడండి, సగం భయం పోతుంది. నిజమైన భయాలతో అలసిపోయిన మనిషికి, అరగంటలో ముగిసే భయం ఒక విధమైన ఊరట.

రెండవది, కంటికి కనిపించేదే సర్వస్వం కాదని మనిషి అంతరంగానికి తెలుసు. ఎంత చదువుకున్నా ఆ తలంపు పోదు. గుడికి రానివాడు, ప్రార్థన అంటే నవ్వేవాడు కూడా అర్ధరాత్రి ఆ కథలు చూస్తాడు. మనిషిని దేవుడు మట్టితో మాత్రమే చేయలేదు, ఊపిరి ఊదాడు. ఆ ఊపిరి తన ఊరిని వెదుక్కుంటూ ఉంటుంది. విచారమేమిటంటే, చాలాసార్లు తప్పు దారిలో వెదుకుతుంది.

మూడవది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మన దయ్యాల కథలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఎక్కువగా దయ్యమై తిరిగి వచ్చేది ఎవరు? అన్యాయంగా చంపబడిన స్త్రీ. ఎవరో మోసం చేశారు, బావిలో తోసేశారు, ఊరంతా నోరు మూసుకుంది. బ్రతికుండగా ఎవరూ వినని ఆమె చచ్చాక అందరికీ వినిపిస్తుంది. అంటే ఆ కథలో మనం ఎదురుచూసేది భయం కోసమే కాదు, న్యాయం కోసం. ఆదికాండము 4వ అధ్యాయంలో హేబెలు రక్తం నేలలోనుండి మొరపెట్టింది. ఆ మొర విన్నది దేవుడు. పాతిపెట్టిన అన్యాయం పాతిపెట్టినట్టే ఉండిపోదని మనిషి మనసు గట్టిగా నమ్ముతుంది. ఆ నమ్మకం తప్పు కాదు.

అయితే తీర్పు తీర్చే పని దేవునిదని మరచిపోయినప్పుడు ఆ భయం టీవీలోనుండి వీధిలోకి దిగుతుంది. మంత్రాల నెపంతో వృద్ధులను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. అటువంటిది మా పరిచర్య గ్రామం ఒకదానిలో మొదలవబోయింది. ఊరి చివర ఒక ముసలి విధవరాలు, పిల్లలు లేరు, నలుగురితో కలవదు. ఒక ఇంట్లో చంటివాడికి పది రోజులుగా జ్వరం. ఆమె వాడికి జామకాయ ఇచ్చిందని ఎవరికో గుర్తొచ్చింది. ఇంకొకరు అమావాస్య అన్నారు. ఒక సీరియల్‌లో అచ్చం ఇలాగే జరిగిందని మరొకరు కథంతా చెప్పారు. రెండు రోజుల్లో ఆమెను కుళాయి దగ్గరకు రానివ్వడం మానేశారు.

నేను, మా ఇంటావిడ, ఆశా కార్యకర్త కలిసి ముందు పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేర్పించాం. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. తర్వాత ఒక సాయంకాలం, వీధిలో అందరూ చూస్తుండగా, ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె వండిన అన్నం, చింతచిగురు పప్పు తిన్నాం. వాక్యం చెప్పలేదు, వాదించలేదు. మరుసటి వారం ఒక తల్లి ఆమెను కుళాయి దగ్గరకు పిలిచింది. అందరూ మారలేదు. కొందరు ఇప్పటికీ ఆమెను చూసి తలుపు వేసుకుంటారు.

ఆ రాత్రి లూకా సువార్త 24వ అధ్యాయం నాకు కొత్తగా అర్థమైంది. పునరుత్థానుడైన ప్రభువు మధ్యలో నిలబడితే శిష్యులు భూతం అనుకుని దిగులుపడ్డారు. ఆయన వారిని వెక్కిరించలేదు. చేతులు, పాదాలు చూపించాడు, పట్టి చూడమన్నాడు. అప్పటికీ నమ్మలేకపోతే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేపముక్క వారి ఎదుటే తిన్నాడు. అన్యాయంగా చంపబడినవాడు నిజంగానే తిరిగి వచ్చాడు. కాని పగ తీర్చుకోవడానికి రాలేదు, సమాధానం ఇవ్వడానికి వచ్చాడు. ఏ సీరియల్ రాసేవారికీ తట్టని ముగింపు ఇది!

కాబట్టి ప్రియులారా, ఏ కథ చూసినా లేచేటప్పుడు మూడు సంగతులు పరీక్షించుకోండి. ఈ కథ నన్ను సౌలులా రాత్రిపూట ఏన్దోరు దారి పట్టిస్తోందా? భయంతో సోదె అడగడానికి వెళ్లిన ఆ రాజు ఇంకా ఎక్కువ భయంతో నేలమీద పడ్డాడు. నా పిల్లల నిద్ర పాడవుతోందా? అన్నిటికంటే ముఖ్యంగా, పొరుగింటివారిని నేను అనుమానంగా చూస్తున్నానా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా అవును అని జవాబు వస్తే, ఆ కథ మీకు వద్దు. టీవీ కట్టేయండి.

తెరమీద చనిపోయిన స్త్రీ ఏడుపుకి మనం ఉలిక్కిపడతాం. బ్రతికి ఉండగానే గోడ అవతల ఏడుస్తున్న స్త్రీ గొంతు కూడా వినగలిగే చెవులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.