నీడే అసలు మేకప్పు!

"ఎండలో కూడా తారల ముఖాలు అలా మెరిసిపోతుంటాయి, ఏం రాస్తారండీ?" నేను సినిమా విలేకరినని తెలియగానే కాలేజీ కుర్రాళ్లూ అమ్మాయిలూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏ హీరోకి ఎంత పారితోషికం అన్నది రెండోది. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు గానీ, మొదటిదానికి ఉంది. పదేళ్లుగా అవుట్‌డోర్ షూటింగుల వెంట తిరుగుతున్నవాణ్ణి, చూసిందే చెబుతాను.

షాటు ఓకే అనగానే తార నెత్తి మీదికి గొడుగు వచ్చేస్తుంది. అంతే, అదీ రహస్యం! క్రీములూ పౌడర్లూ ఆ తర్వాతే. గోదావరి ఒడ్డున కుమారదేవంలో 'సినిమా చెట్టు' అని పేరుపడ్డ నిద్రగన్నేరు ఎన్ని యూనిట్లకు నీడనిచ్చిందో! 2024 ఆగస్టులో అది కూలిపోయిందని విని చిత్రసీమలో బాధపడనివాళ్లు తక్కువ.

షూటింగులో రిఫ్లెక్టరు చూశారా? ఎండను పట్టి ముఖం మీదికి తిప్పే వెండిరంగు పలక అది. మనం విహారానికి వెళితే సముద్రమూ, ఇసుకా అదే పని చేస్తాయి. అందుకే విశాఖ బీచిలో పై నుంచి ఒక ఎండ, కింది నుంచి ఇంకో ఎండ. బస్సులో అద్దం మూసుకుని కూర్చున్నా పూర్తి రక్షణ లేదు. చర్మాన్ని కమిలించే యువిబి కిరణాలను మామూలు అద్దం చాలావరకు ఆపుతుంది గానీ, చర్మాన్ని ముడతలు పడేలా చేసే యువిఎ కిరణాలు అందులోంచి దర్జాగా దూరి వస్తాయి.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అక్క కూతురి కోసం. డిగ్రీ చదువుతోంది. స్నేహితురాళ్లతో అరకు వెళ్లొచ్చి అద్దంలో చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మావయ్యా, నల్లబడిపోయాను. వచ్చే నెల అన్నయ్య పెళ్లి, ఫోటోల్లో ఎలా?" అంది. ఎవరో చెబితే ఒక మందుల షాపులో చీటీ లేకుండా ట్యూబు కొని రాసుకుంది. వారంలో తెల్లబడింది. నెల తిరిగేసరికి ముఖమంతా ఎర్రగా మంట, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు, మొటిమలు! పెళ్లిలో పాపం కొంగు చాటునే గడిపింది. చర్మవైద్యురాలు ట్యూబు చూసి, "ఇందులో స్టిరాయిడ్ ఉందమ్మా" అన్నారు. ముఖం కుదుటపడేసరికి ఏడాది పట్టింది. ఇలాంటి పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అమ్మేవాళ్లు అమ్ముతున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు.

ఎండ చేసిన నలుపు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గేది. ఆ నలుపంటే ఉన్న భయం చేసిన నష్టమే ఏడాది వేధించింది. ఎండ తగిలితే చర్మం తనను కాపాడుకోవడానికి వేసుకునే గొడుగే మెలనిన్. అది మురికి కాదు, కడిగితే పోదు. కాకపోతే అది చిన్న గొడుగు. పైన ఇంకోటి మనం పట్టాలి.

ఎలాగంటారా? పది గంటల నుంచి మూడింటి దాకా వీలైనంతవరకు నీడన ఉండండి. టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా మరవకండి. బయల్దేరే ముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి. అది యువిబిలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చెవులను వదిలెయ్యకండి. రెండు గంటలకోసారి, చెమట పట్టినా తడిసినా మళ్లీ రాయాల్సిందే. ఏసీ పెట్టెలో చర్మం పొడిబారుతుంది. ముఖం కడిగి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు రాయండి. ఊరెళ్లిన చోట కొత్త సబ్బు, కొత్త క్రీము ప్రయోగాలు వద్దు. కొత్తదేదైనా ఇంటి దగ్గరే వారం ముందు ముంజేతి లోపలివైపు కాస్త రాసి చూడండి. మొటిమలుంటే గిల్లకండి.

ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనలో నటించనని సాయిపల్లవి కాదన్న సంగతి 2019లో బయటికొచ్చింది. మొటిమల ముఖంతోనే తెర మీదికొచ్చి కోట్లమంది మనసు దోచుకున్న నటి ఆమె. కాబట్టి అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈ సెలవుల్లో హాయిగా తిరిగి రండి. గొడుగు మాత్రం మరవొద్దు. అప్పటికీ ఒక ఛాయ తగ్గితే దిగులెందుకు? మన తాతల కాలపు తారలు బ్లాక్ అండ్ వైట్‌లోనే ఊళ్లకు ఊళ్లనే ఊపేశారు!