పులా... పిల్లా?

చెరకు తోట గట్టు మీద ఏదో కదిలింది. సెల్‌ఫోన్‌లో ఫొటో పడింది. సాయంత్రానికల్లా ఊరంతా ‘పులి’ అనేసింది. ఇంతకీ అది నిజంగా ఎంత ఉంటుంది? ఆ సంగతి తేల్చడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఒక కర్ర, ఒక టేపు, కాస్త ఓపిక చాలు!

విశాఖ ఆర్కే బీచ్‌కి పొద్దున్నే వెళ్తే ఓ సరదా దృశ్యం కనిపిస్తుంది. సముద్రంలోంచి పైకొస్తున్న సూర్యుణ్ని అరచేతిలో పట్టుకున్నట్టు పిల్లలు ఫొటోలు దిగుతుంటారు. ఆ ఫొటో చూసి సూర్యుడు నిమ్మకాయంత ఉన్నాడని ఎవరూ అనుకోరు. ఆయన ఎంత దూరంలో ఉన్నాడో అందరికీ తెలుసు కాబట్టి!

అదే ఫొటో చోడవరం చుట్టుపక్కల ఏ చెరకు తోట దగ్గరో తీసిందనుకోండి. మసక వెలుతురు, కోసేసిన మళ్లు, గట్టు మీద పసుపు గోధుమ రంగులో నడిచిపోతున్న ఓ జంతువు. అది ఎంత దూరంలో ఉందో చూసినవాళ్లకే సరిగ్గా తెలియదు. ఇక ఫోన్‌లో చూసేవాళ్లకెలా తెలుస్తుంది? ‘ఏటిరా అది?’ అంటారొకరు. ‘పులేరా బాబూ, తోక చూడు’ అంటారు ఇంకొకరు. అంతే, ఆ మాట ఊళ్లు దాటేస్తుంది. మర్నాడు చెరకు కొట్టడానికి కూలీలు రారు. తెల్లవారుజామున పాల కేంద్రానికి వెళ్లేవాళ్లు గుంపు కట్టి బయల్దేరతారు. పిల్లల్ని ఒంటరిగా బడికి పంపాలంటే అమ్మలకు గుండె దడ.

ఆ భయాన్ని నవ్వి కొట్టిపారేయడానికీ లేదు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరానికి, ఆ వేసవిలోనే పులి భయం అంటే ఏమిటో తెలిసొచ్చింది. మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పశువులు చనిపోవడం మొదలైంది. అటవీ సిబ్బంది కెమెరాలు అమర్చారు. వాటిలో పడింది అచ్చమైన పెద్దపులి! బోన్లు పెట్టినా చిక్కలేదు. వారాల తరబడి తిరిగి అనకాపల్లి జిల్లా మీదుగా విజయనగరం వైపు సాగిపోయింది.

అలాగని ప్రతి ఫొటోలోనూ పులే ఉండదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ మియాపూర్ మెట్రోస్టేషన్ వెనక చిరుత తిరుగుతోందంటూ ఓ వీడియో నగరాన్ని ఊపేసింది. అటవీ అధికారులు వెళ్లి పరిశీలించి అది అడవిపిల్లి అని తేల్చారు. అంతకు ఆర్నెల్ల ముందు శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకి లోపలికొచ్చింది మాత్రం నిజమైన చిరుతే. దాన్ని బోనులో పట్టుకున్నారు. ఒకే నగరం, ఒకే ఏడాది... ఒకసారి పిల్లి, ఒకసారి పులి. మరి తేడా తెలిసేదెలా?

దూరం చేసే మాయ

ఫొటోలో ఏ వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది దాని సైజు మీదే కాదు, దూరం మీదా ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే బొమ్మ సగమవుతుంది. ఈ చిన్న లెక్కలోనే ఉంది మాయంతా.

అడవిపిల్లి (జంగుపిల్లి అనీ అంటారు) భుజం దగ్గర దాదాపు 36 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. చిరుత ఎత్తు సుమారు 65 సెంటీమీటర్లు అనుకుందాం. అడవిపిల్లి 22 మీటర్ల దూరంలో ఉన్నా, చిరుత 40 మీటర్ల దూరంలో ఉన్నా ఫొటోలో రెండింటి ఎత్తూ దాదాపు సమానంగానే పడుతుంది. అంటే ముందు గట్టు మీదున్న పిల్లిని, చూసేవాళ్లు వెనక గట్టు మీదుందని పొరబడితే చాలు... అది చిరుత అయిపోతుంది! ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. కెమెరా కూడా అబద్ధం చెప్పలేదు. దూరం దగ్గర మన అంచనా తప్పిందంతే.

దీనికి ఫోన్లు తమవంతు సాయం చేస్తాయి. ఎక్కువ జూమ్‌తో తీసినప్పుడు ముందున్నదీ వెనకున్నదీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. పిల్లి వెనక ఎంతో దూరంలో ఉన్న కొబ్బరి చెట్టు దాని పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా మసకబారిన బొమ్మను ఫోనే నున్నగా దిద్దేస్తుంది. దాంతో ఒంటిమీద మచ్చలున్నాయో లేదో తెలియదు. రాత్రిపూటైతే మరీ కష్టం. చీకట్లో మెరిసే రెండు కళ్లకు కొలతేముంటుంది?

అడుగు ఎత్తు మృగం!

ఈ చిక్కుముడిని విప్పే పద్ధతి ఒకటి ఇంగ్లండ్‌లో జరిగిన ఓ విచారణలో కనిపిస్తుంది. నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో బోడ్మిన్ మూర్ అనే బీడు ప్రాంతం ఉంది. అక్కడ నల్లటి పెద్ద పులిలాంటి మృగం పశువుల్ని చంపుతోందని ఏళ్ల తరబడి ప్రచారం సాగింది. ఫొటోలు, వీడియోలు కూడా వచ్చాయి. చివరికి 1995లో అక్కడి వ్యవసాయ మంత్రిత్వ శాఖ విచారణ జరిపించింది.

అధికారులు చేసిన పని చాలా తేలికైనది. ఫొటోలు పట్టుకుని, అవి తీసిన చోట్లకే వెళ్లారు. జంతువు నిలబడిన చోట కొలతలు గీసిన కర్రను నిలబెట్టి, పాత బొమ్మతో పోల్చి చూశారు. కొన్ని బొమ్మల్లోని ‘మృగం’ భుజం దగ్గర అడుగు ఎత్తుకు మించలేదని తేలింది. అంటే ఇంటి పిల్లికి కాస్త అటూ ఇటూ! పెద్ద పిల్లి జాతి జంతువు ఉందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని నివేదిక చెప్పింది. అసలు లేనేలేదని రుజువు చేయడమూ సాధ్యం కాదని నిజాయతీగా ఒప్పుకుంది.

కథ అక్కడితో ఆగలేదు. వారం తిరక్కుండానే అక్కడి ఫోయ్ నదిలో ఓ కుర్రాడికి చిరుత పుర్రె దొరికింది. ‘చూశారా!’ అన్నారంతా. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిపుణులు పరీక్షించారు. అది చిరుతదే. కానీ లోపల ఉష్ణదేశాల బొద్దింక గుడ్ల తిత్తి కనిపించింది. పుర్రె వెనక భాగం కోసేసి ఉంది. ఎక్కడో వేడి దేశంలో చచ్చిన చిరుత, తలతో సహా తివాచీగా మారి ఇంగ్లండ్ చేరిందన్నమాట.

కొలత తీయకుండా కంగారుపడితే ఏమవుతుందో కూడా ఆ దేశమే చూసింది. 2012 ఆగస్టులో ఎసెక్స్‌లోని సెయింట్ ఓసిత్ దగ్గర పొలంలో సింహం కనిపించిందని సెలవులకు వచ్చినవాళ్లు చెప్పారు. మసక ఫొటో కూడా ఉంది. సాయుధ పోలీసులు, హెలికాప్టర్లు, జూ నిపుణులు... గాలింపే గాలింపు! మర్నాటికి వెతుకులాట ఆపేశారు. ఆ దగ్గర్లోనే ఉంటున్న మెయిన్ కూన్ జాతి పెంపుడు పిల్లే ఆ సింహమై ఉంటుందని తర్వాత అనుకున్నారు. దాని పేరు టెడ్డీ బేర్!

ఫొటోలోనే కొలబద్ద

బోడ్మిన్ పద్ధతి మన ఊళ్లోనూ పనికొస్తుంది. ఫొటో తీసిన మనిషి, తీసిన ఫోను, తీసిన చోటు... ఈ మూడూ ఉంటే చాలు. పగటిపూట నలుగురు కలిసి, వీలైతే అటవీ సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్లాలి. మొదట ఎక్కడ నిలబడి తీశారో అక్కడే నిలబడాలి. జూమ్ కూడా అంతే పెట్టాలి. జంతువు కాళ్లు ఆనిన చోట, అడుగు అడుగుకీ రంగు దారం కట్టిన కర్రను నిలబెట్టి మళ్లీ ఫొటో తీయాలి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఎత్తెంతో పిల్లలే చెప్పేస్తారు.

మళ్లీ వెళ్లడం కుదరకపోతే ఫొటోలోనే కొలబద్ద వెతకాలి. కంచె రాయి, ఇటుక, మైలురాయి, మోటార్ సైకిల్ చక్రం... ఏదైనా సరే. మోటార్ సైకిల్ చక్రం ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లు. ఎదిగిన చిరుత భుజం కాస్త అటూ ఇటూగా దానంత ఎత్తుంటుంది. అడవిపిల్లి అయితే చక్రం ఇరుసును కాస్త దాటుతుంది. పెద్దపులి భుజం 90 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువే. మన ఊరి కుక్క భుజం దగ్గర సుమారు అర మీటరు. కుక్కకన్నా పొట్టిగా ఉన్నది ఎదిగిన చిరుత అయ్యే అవకాశం తక్కువ.

ఒక్క షరతు మాత్రం మరవకూడదు. కొలబద్ద, జంతువు ఒకే దూరంలో ఉండాలి. రెండూ నేలకు ఆనిన చోటు చూసి ఆ సంగతి తెలుసుకోవచ్చు. గడ్డిలో కాళ్లు కనిపించకపోతే ‘చెప్పలేం’ అనడమే సరైన జవాబు.

అడుగుజాడలకూ ఇదే సూత్రం. చిరుత పాదముద్ర వెడల్పు సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్లు. పెద్దపులిది 12 సెంటీమీటర్లు దాటుతుంది. ముద్ర ఫొటో తీసేటప్పుడు పక్కన పది రూపాయల నాణెం పెడితే చాలు. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. మూడు నాణేలు పక్కపక్కన పేర్చినంత ఉంటే చిరుత గురించి ఆలోచించాల్సిందే. పిల్లి జాతి ముద్రలో మామూలుగా గోళ్ల గుర్తులు పడవు. కుక్క అడుగులో పడతాయి. బురదలో ముద్ర పరుచుకుని పెద్దదవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఒడ్డూ పొడుగూ

కొలబద్ద లేని ఫొటోలో ఒంటి తీరు సాయపడుతుంది. దూరాన్ని బట్టి సైజు మారినట్టు కనిపించినా, తలకూ చెవులకూ ఉన్న పొంతన అంతగా మారదు. పిల్లికి తలతో పోలిస్తే చెవులు పెద్దవి, నిటారుగా ఉంటాయి. చిరుత చెవులు చిన్నవి, గుండ్రనివి, ఎడంగా ఉంటాయి. అడవిపిల్లి తోక పొట్టి. ఒంటి పొడుగులో సగం కూడా ఉండదు, కొస దగ్గర నల్లటి పట్టీలుంటాయి. చెవుల చివర చిన్న నల్లటి కుచ్చు ఉంటుంది. చిరుత తోక బారెడు. ఒంటి పొడుగులో సగానికి మించే ఉంటుంది. ఇక కంటిపాప కనిపించేంత దగ్గరి ఫొటో అయితే, వెలుతురులో పిల్లి కంటిపాప నిలువు గీతలా, పులులది గుండ్రంగా ఉంటుంది.

బూటకపు ఫొటోలను పట్టించేదీ పొంతనే. 2007లో చైనాలోని షాంక్సీ రాష్ట్రంలో ఓ రైతు, అడవిలో కనుమరుగైందనుకున్న దక్షిణ చైనా పులిని ఫొటో తీశానన్నాడు. అధికారులు నమ్మి బహుమతి ఇచ్చారు. పులి చుట్టూ ఉన్న ఆకుల సైజు చూసి వృక్షశాస్త్రవేత్త ఒకరు అనుమానపడ్డారు. ఆకులు అంత ఉంటే పులి అంతే ఎలా ఉంటుందన్నది ప్రశ్న. చివరికి అది గోడకు తగిలించుకునే బొమ్మలోని కాగితం పులి అని తేలింది. 2008లో పోలీసులు ఆ రైతును అరెస్టు చేశారు. ఇప్పుడైతే కాగితం కూడా అక్కర్లేదు. మన వీధి ఫొటోలోకి చిరుతను దించే కృత్రిమ మేధ ఫోన్‌లోనే ఉంది. అందుకే ‘ఎవరు తీశారు, ఎక్కడ తీశారు’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఆ మనిషి, ఆ చోటు దొరక్కపోతే ఆ ఫొటోను ముందుకు పంపకపోవడమే మేలు.

రెండు తప్పులూ ఖరీదే

పిల్లిని పులి అనుకుంటే ఏం పోతుంది, జాగ్రత్తేగా అనిపించవచ్చు. కానీ ఆ జాగ్రత్త కర్రలు, రాళ్లుగా మారితే బలయ్యేది అడవిపిల్లి. చెరకు తోటల్లో పిల్లల్ని పెట్టి, ఎలుకల్ని తిని బతికే ప్రాణి అది. రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని తింటుందని రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగిన అధ్యయనం అంచనా వేసింది. గోవాడ చక్కెర కర్మాగారాన్ని నమ్ముకుని తరాలుగా చెరకు వేసిన రైతులకు ఎలుకల నష్టం ఎంతో వేరే చెప్పాలా? వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. తోటలో పిల్లలు దొరికితే చిరుత కూనలనుకుని ఇంటికి తెచ్చేయడమూ పొరపాటే. తల్లి తిరిగొచ్చి వాటిని తీసుకెళ్తుంది.

పులిని పిల్లి అనుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. పుణె దగ్గర జున్నర్ ప్రాంతంలో చిరుతలు చెరకు తోటల్లోనే పిల్లల్ని కని పెంచుతాయి. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దివాన్‌చెరువు, కడియం నర్సరీల్లో చిరుత తిరిగినప్పుడు జనం రోజుల తరబడి బిక్కుబిక్కుమన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు. పశువు పోయిన రైతు మాటను ‘ఏదో పిల్లిని చూసుంటావులే’ అని తీసిపారేస్తే, రెండోసారి చూసినప్పుడు అతను ఎవరికీ చెప్పడు. పరిహారం అడగడానికీ వెనకాడతాడు.

నమ్మడం, నవ్వడం... రెండూ తేలికే. కొలవడమే కాస్త కష్టం. ఫొటో రాగానే అటవీశాఖకు చెప్పాలి, అడుగుజాడలు చెరిగిపోకుండా తట్ట బోర్లించాలి, తెల్లారాక కర్ర పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్లాలి. అడుగు ఎత్తు తేలితే కూలీలు నిశ్చింతగా చెరకు కొట్టుకోవచ్చు. రెండడుగులు దాటిందా... పశువుల్ని పాకలో కట్టేసి, పిల్లల్ని ఇంట్లో ఉంచి, బోను కోసం గట్టిగా అడగొచ్చు!