జాతియు రోగనిర్ణయమును

కల్లూరు, వేంసూరు మాగాణములకును దమ్మపేట, అశ్వారావుపేట అడవులకును నడుమ నున్న ఊరు సత్తుపల్లి. ఇచ్చట వైద్యము చేయువాని వాకిట రైతులు, వర్తకులు, బొగ్గుగని ఉద్యోగులు, కోయలు ఒకేచోట గుమిగూడుదురు. బల్ల ఖాళీగా నున్నను కోయ స్త్రీ బిడ్డనెత్తుకొని నేలమీదనే కూర్చుండును; పైకి రమ్మని పిలిచినను చుట్టునున్నవారి ముఖములు చూచిగాని లేవదు. తల నెరసిన కోయ పెద్దను మీసమైనను రాని కుర్రవాడు అదలించి వెనుకకు నెట్టుటయు, ఆ పెద్ద మారుమాటాడక తప్పుకొనుటయు పలుమారులు చూచితిని. ఇవి ఎవరును శాసించిన విధులు కావు. అయినను అందరికిని కంఠస్థములైనట్లు నడచుచున్నవి. ఈ అలిఖిత విధులు తరగతి గదిలోనికిని, రోగపరీక్షలోనికిని ఎట్లు ప్రవేశించునో నా వృత్తిలో చూచిన కొన్ని ఉదంతములవలన చెప్పదలచితిని.

కొన్నేండ్ల క్రిందట ఒకే వర్షాకాలమున ఇద్దరు పిల్లలు నా యొద్దకు వచ్చిరి. ఒకడు వ్యాపారి కుమారుడు. లెక్కలలో మార్కులు తగ్గినవని తల్లిదండ్రులిరువురును వెంటబెట్టుకొని వచ్చి, కన్నులు చూడుమనిరి, రక్తము చూడుమనిరి, నిద్ర చాలుటలేదేమో యనిరి. కంటి అద్దములతో ఆ బాలుని చిక్కు తీరినది. రెండవది ఆశ్రమ పాఠశాలలో ఆరవ తరగతి చదువు కోయ బాలిక. ఆమెను తెచ్చిన ఉద్యోగి గడపలోనే నిలిచి, "క్లాసులో పండుకుంటదండీ, ఆటలకు రమ్మంటే కాళ్లు నొప్పులంటది. ఈ కోయోళ్ల పిల్లలింతే, చదువు మీద ధ్యాస ఉండదు" అని రోగనిర్ణయము కూడ తానే చేసి చెప్పెను. చూడగా ఆ బాలిక కనురెప్పల లోపలి భాగము పాలిపోయి యున్నది. తెల్లగ్రుడ్లయందు పసుపు ఛాయ కలదు. వెనుక నిలిచిన తండ్రి నెమ్మదిగా, "చిన్నప్పటి సంది ఎముకలు ఇరిగినట్టు నొస్తయని ఏడుస్తది సారూ. బళ్లో చెప్పినం, ఎవలు ఇనలే" అనెను. రక్తపరీక్షలో సికిల్ సెల్ వ్యాధి బయటపడినది.

ఈ వ్యాధిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్ర రక్తకణములు కొడవలి ఆకారమున వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, ఎముకలకు రక్తమందనీయక దుస్సహమైన నొప్పి కలిగించును. ఆ కణములు త్వరగా నశించుటచేత రక్తహీనత నిత్యమై యుండును. తల్లిదండ్రులిరువురి నుండియు ఇందుకు మూలమైన జన్యువు సంక్రమించిన బిడ్డకు వ్యాధి వచ్చును. ఒకరి నుండి మాత్రమే పొందినవారు సాధారణముగా ఆరోగ్యవంతులై యుండుటయే గాక, ప్రాణాంతకమైన మలేరియా నుండి కొంత రక్షణయు పొందుదురు. అందుచేతనే తరతరములుగా మలేరియా ప్రబలిన ఆఫ్రికాలోను, గ్రీసులోను, అరేబియాలోను, మన అడవులలోను ఇది నిలిచినది. అమెరికాలో దీనిని చిరకాలము నల్లవారి రోగమనిరి. నిజమునకిది చర్మపు రంగునుబట్టి వచ్చినది కాదు, దోమనుబట్టి నిలిచినది. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెర్రిక్ తొలుత వర్ణించిన రోగి వాల్టర్ క్లెమెంట్ నోయెల్, గ్రెనడా ద్వీపమునుండి దంతవైద్యము చదువవచ్చిన విద్యార్థి. ఆ నొప్పులతోనే చదువు ముగించి, స్వదేశమున దంతవైద్యము చేసి, 1916లో మరణించెను. ఈ వ్యాధి విద్యకు శత్రువు కాదనుటకు ఆ తొలి రోగియే సాక్షి. మా బాలికకును హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆమ్లము, తగినంత నీరు, చలికి కంబళి సమకూడిన పిమ్మట నొప్పులు తగ్గినవి, బడికి పోవు దినములు పెరిగినవి.

అయినను ఒకనాడు చదువెట్లున్నదని అడుగగా, "మేం మొద్దులం గదా సారూ" అని తలవంచుకొనెను. ఆ మాట వినగా నాకొక పరిశోధన గుర్తుకు వచ్చినది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల యెదుట తెల్లబొమ్మను, నల్లబొమ్మను ఉంచి, మంచి బొమ్మ ఏదని అడుగగా పెక్కుమంది తెల్లదానినే చూపిరి. బడులలో జాతులను వేరుచేయుట చెల్లదని 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినప్పుడు ఆ పరిశోధనను కూడ పేర్కొనెను. మన ఆశ్రమ పాఠశాలలు అట్టి వివక్షకై పుట్టినవి కావు; అడవి బిడ్డలకు అన్నమును, వసతిని, విద్యను ఇచ్చుటకే వెలసినవి. కాని "వీరింతే" యను మాట దినదినమును చెవిని పడుచున్నచో బిడ్డ మనస్సునకు తగులు గాయము మాత్రము అట్టిదే.

మరియొకసారి ఒకటవ తరగతి బాలుని చెవిటివాడేమో యని తెచ్చిరి. చెవులయందు దోషమేమియు లేదు. నా ప్రశ్నలకు పెదవి కదపని ఆ బాలుడు, మా ఆయా కోయభాషలో పలుకరింపగనే తన ఊరిని, చెల్లెలిని, మేకపిల్లను గూర్చి గుక్క తిప్పుకొనక చెప్పసాగెను. బిడ్డకు తెలిసిన భాషలోనే చదువు చెప్పవలెనను సత్యము మనకు క్రొత్తది కాదు. 1943లోనే మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదు అడవులలోని మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దెను. ప్రాథమిక విద్య మాతృభాషలో నందవలెనను 350-ఏ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. ఏజెన్సీ బడుల ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యనుచు 2000 జనవరిలో వెలువడిన మూడవ నంబరు జి.ఓ.ను, నూటికి నూరుపాళ్ల రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ తీర్పు న్యాయాన్యాయములు విచారించుట నా పని కాదు. కాని ఆ బాలుని ముందు నిలుచు గురువునకు కోయభాష రావలెననుట వైద్యుడనైన నేనును చెప్పగలను.

ఈ ఉదంతములను కలిపి చూచినప్పుడు ఆధిక్యమనగా నేమో నాకు విశదమైనది. వ్యాపారి కుమారుడు వెనుకబడినచో కారణము వెదకుదురు. కోయ బిడ్డ వెనుకబడినచో జాతిని చూపి వెదకుటయే మానుదురు. మొదటివానికి సంశయమువలని లాభము జన్మతో వచ్చినది. రెండవవారు తాము మందమతులము కామని తామే నిరూపించుకొనవలసినది. ఏజెన్సీ భూముల విషయమున 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ఇందుకు విపరీతమైన ధర్మమును స్థాపించెను. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదనియే భావింపవలెను. కాదని ఋజువు చేయు భారము గిరిజనేతరునిదే. ఈ ప్రాంతమున 1/70 అన్నచో తెలియని రైతు లేడు.

బడిలోను, ఆస్పత్రిలోను ఆ ధర్మమే నడువవలెను. సికిల్ సెల్ నిర్మూలనకు 2023లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము 2047ను గడువుగా పెట్టుకొన్నది. ఆశ్రమ పాఠశాలలో చేరిన నాడే ప్రతి బిడ్డ రక్తమును పరీక్షించుటకు అంత గడువు అక్కరలేదు. 2005 తరువాత మావోయిస్టులకు ఎదురుగా లేచిన సల్వా జుడుం కల్లోలమునకు వెరచి ఛత్తీస్‌గఢ్ నుండి మన అడవులకు వచ్చిన గుత్తికోయల బిడ్డలకు, ఇచ్చట పుట్టి పెరిగినవారికి సైతము, తెగను తెలుపు ధ్రువపత్రము లేదని చదువు దూరము కారాదు. వెనుకబడిన బిడ్డ యెదుట లోపము తొలుత మనదేయని భావించి, రక్తము, కన్ను, చెవి, తిండి, భాష వరుసగా పరీక్షించి, మన లోపమేమియు లేదని మనమే ఋజువు చేయవలెను. ఆ ఋజువు చేయనంతకాలము "వీరింతే" యను హక్కు గురువునకు గాని, అధికారికి గాని, వైద్యునకు గాని లేదు.