ముందు చూడాల్సింది మూలగని మనిషినే

మృగశిర దగ్గరపడేసరికి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పల్లెలకు రెండు కబుర్లు ఒకేసారి వస్తాయి. నేల తడిసింది, పదునుంది, పత్తి గింజ పెట్టుకోవచ్చన్నది ఒకటి. వచ్చే నాలుగైదు రోజులు ఉరుములు, మెరుపులతో వానలు పడతాయి, చెట్ల కిందికి పోవద్దని ఫోన్‌లోకి వచ్చేది రెండోది. పదును ఆగదు కాబట్టి మొదటి కబురుదే పైచేయి. పైగా ఆ చేలల్లో తలదాచుకోవడానికి గట్టుమీది ఇప్పచెట్టు తప్ప ఇంకేముంది? హెచ్చరిక రాసేవాళ్లు ఒక్కసారి వచ్చి ఆ గట్టుమీద నిలబడి చూడాలని నాకు ప్రతి ఏడూ అనిపిస్తుంది.

ఒక సాయంత్రం ముగ్గురు ఆడకూలీలను ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. ముగ్గురూ ఏడుస్తున్నారు. కాళ్లు చల్లబడి నీలం తిరిగాయి, కదలడం లేదు, పాదాల దగ్గర నాడి అందడం లేదు. కొత్తగా చేరిన డాక్టరు కంగారుపడ్డాడు. పిడుగు దెబ్బకు రక్తనాళాలు బిగుసుకుపోయి ఇలా అవుతుంది, చాలామందిలో కొన్ని గంటల్లో దానంతటదే సర్దుకుంటుంది. రాత్రి అన్నాల వేళకు ముగ్గురూ లేచి కూర్చున్నారు. వాళ్లతోపాటు చెట్టుకింద నాలుగో మనిషి కూడా ఉందని అప్పుడు తెలిసింది.

"ఆమె ఆడ్నే పోయింది సారూ. ముట్టుకోవద్దన్నరు, ఒంట్ల కరెంటుంటదట" అన్నాడు ఆటో అతను.

ఒంట్లో కరెంటు ఉండదు. పిడుగు సెకనులో చిన్న భాగంలో వచ్చి పోతుంది, మనిషిలో ఏమీ మిగలదు. ఆ విద్యుత్తు గుండెను ఒక్కసారిగా ఆపేస్తుంది. అయితే గుండెకు తనంతట తాను మళ్లీ మొదలయ్యే గుణం ఉంది, చాలాసార్లు మొదలవుతుంది కూడా. మెదడు అడుగున శ్వాసను నడిపే కేంద్రం మాత్రం అంత తొందరగా తేరుకోదు. ఊపిరి లేక, ప్రాణవాయువు అందక, కొట్టుకుంటున్న గుండె రెండోసారి ఆగుతుంది. చావు ఎక్కువగా ఈ రెండోసారే వస్తుంది. మధ్యలో ఉన్న ఆ కొద్ది నిమిషాలు ఎవరైనా నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కుతూ ఉంటే మనిషి దక్కే అవకాశం ఉంది. టార్చి వేసినా కంటిపాప కదలకపోవడం మామూలుగా చెడ్డ గుర్తు. పిడుగు దెబ్బలో దాన్ని నమ్మకూడదు.

రోడ్డు ప్రమాదంలో నాడి లేని మనిషిని వదిలి, బతికే అవకాశమున్నవారిని ముందు చూడమని మాకు నేర్పుతారు. పిడుగు పడ్డచోట ఈ వరస తలకిందులవుతుంది. ఏడుస్తున్నవాళ్లు సాధారణంగా బతుకుతారు. చచ్చినట్టు పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు పరుగెత్తాలి.

అలా పరుగెత్తిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. కరెంటు షాక్ కొట్టినవారికి ఏం చేయాలో శిక్షణలో నేర్చుకున్న లైన్‌మన్. మేకల కాపరి కుర్రాడు చేలో పడిపోతే, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మీంచి చేతులు తీయలేదట. ఆ కుర్రాడికి ఒక చెవి కర్ణభేరి చిరిగింది. వీపు మీద ఎర్రటి ఆకు ఈనెల్లాంటి అచ్చు పడింది. అమ్మవారు రాసిందని ఇంట్లోవాళ్లు దండం పెట్టారు. నేను ఫొటో తీసుకుందామని మర్నాడు వెళ్లేసరికి ఆ అచ్చు మాసిపోయింది. కంట్లో శుక్లం తర్వాత రావచ్చు కాబట్టి ఇప్పటికీ పరీక్షకు పిలుస్తూనే ఉన్నాను. మబ్బు పడితే మేకలు తోలుకెళ్లడానికి మాత్రం ఒప్పుకోడు. దానికి నా దగ్గర మందులేదు.

నేరుగా తల మీద పడే పిడుగులు తక్కువ. చెట్టు మీద పడి పక్కనున్న మనిషిమీదికి దూకేవి, నేలలో పాకేవి ఎక్కువ. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎడముండటం వల్ల పశువుల్లో ఆ ప్రవాహం గుండె మీదుగా పోతుంది. ఒకే చోట కాడెద్దులు కూలి, పక్కనే ఉన్న రైతు తిమ్మిరెక్కిన కాళ్లతో బయటపడటానికి కారణమిదే.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. వారిలో ఎంతమందిని ఎవరూ ముట్టుకోలేదో ఏ పట్టికలోనూ ఉండదు.

ఈ ఏడు గింజలు పెట్టకముందే ఆ లైన్‌మన్‌ను పిలిచి, బొమ్మ మీద ఛాతీ నొక్కడం నేర్పించాం. ఆశా కార్యకర్త ఒకామె సూటిగా అడిగింది: "చేలల్ల ఉండేది ఆడోళ్లే గద సారూ, మొగోళ్లు మా మీద చెయ్యేస్తరా?" ఎవరూ వేయరు. అందుకే తర్వాతి శిక్షణకు మగవాళ్లను పిలవలేదు. కూలి గుంపులను చేలకు తీసుకెళ్లే ఆడవాళ్లనే కూర్చోబెట్టాం.