జేబులో హాల్‌టికెట్, దొంతరలో ఐదో చొక్కా

సాలార్‌జంగ్ మ్యూజియంలో మ్యూజికల్ క్లాక్ ముందు ఎప్పుడైనా కూర్చున్నారా? గంట కొట్టే వేళ దగ్గరపడుతుంటే జనం ఒక్కొక్కరుగా వచ్చి చేరతారు. పన్నెండింటికైతే చెప్పనే అక్కర్లేదు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. అంతే! ఏం జరగబోతోందో అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ చివరి నిమిషంలో ఎవరూ కదలరు. ఏం జరుగుతుందో తెలియకపోవడమే సస్పెన్స్ అనుకుంటాం గానీ, తెలిసి ఎదురుచూడటంలోనే అసలు పట్టు ఉంది.

1962లో ట్రూఫోతో మాట్లాడుతూ హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు ఉదాహరణ సినిమా పిచ్చోళ్లందరికీ తెలిసిందే. ఇద్దరు కబుర్లాడుకుంటుండగా బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల షాక్. అదే బాంబును ముందే మనకు చూపించి, వాళ్లను అలాగే మాట్లాడుకోనిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. అంటే పాత్ర కంటే ప్రేక్షకుడికి ఒక ముక్క ఎక్కువ తెలియాలి. ఆ ముక్కను చెప్పేది డైలాగ్ కాదు, కెమెరా.

ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో కాలేజీ ఫెస్ట్ కోసం నలుగురం కలిసి పది నిమిషాల సినిమా తీశాం. ఉన్నదల్లా అరువు తెచ్చిన డీఎస్ఎల్ఆర్, ఒక 50 ఎంఎం లెన్స్, ఒక కాలు సరిగా నిలబడని ట్రైపాడ్. లొకేషన్ పాతబస్తీ. టీమ్‌లో ఒకడు రాసుకొచ్చిన కథలో రాత్రిపూట గల్లీలో ఓ అమ్మాయి నడుస్తుంటుంది, ఆమె వెనకాలే కెమెరా కదులుతుంటుంది, గోడ మీద నీడ. అంతా విన్నాక షా అలీ బండాలో ఉండే మా దోస్తు "నక్కో భాయ్" అన్నాడు.

"మా అమ్మీ కుట్టుపని చేసుకుని రాత్రి పదింటికి ఇదే గల్లీలోంచి ఒక్కతే నడిచి వస్తది. దీన్ని దయ్యాల కొంప లెక్క చూపిస్తే రేపు కాలేజీల నన్ను ఎట్ల చూస్తరు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. వాడన్నది ఆలోచిస్తే కెమెరా గురించిన మాటే. వెనక నుంచి ఒకరిని వెంబడించే షాట్ పెట్టామంటే ప్రేక్షకుడి చేతికి వేటగాడి కళ్లు ఇచ్చినట్టు. 1975లో వచ్చిన 'జాస్'లో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు కనిపించనివ్వలేదు. దాని కళ్లతో నీళ్లలోంచి ఈతగాళ్లను చూపించాడు, జనం వణికిపోయారు. సముద్రానికైతే సరే. మనుషులు కాపురం ఉండే గల్లీలో అదే షాట్ పెడితే అక్కడ ప్రతి తలుపూ అనుమానంగానే కనిపిస్తుంది.

కెమెరాను వెనకాల కాకుండా పక్కన నడిపిస్తే? 1989 'శివ'లో స్టెడీక్యామ్ చేసిన మాయ మనందరికీ గుర్తే. హీరోతో పాటు మనమూ సందుల్లో పరుగెత్తుతాం, మన గుండే కొట్టుకుంటుంది. సరే, భయపెట్టే గల్లీ కాదు, మనం కూడా పరుగెత్తే గల్లీ కావాలి అనుకున్నాం. కథ మార్చేశాం.

కొత్త కథ చాలా చిన్నది. తెల్లారితే ఇంటర్ పరీక్ష. ప్రిన్సిపల్ సంతకం, స్టాంపు ఉన్న హాల్‌టికెట్ చొక్కా జేబులో ఉండిపోయింది. అమ్మ చూడకుండా ఆ చొక్కాను చార్మినార్ దగ్గర తెలిసినాయన ఇస్త్రీ దుకాణంలో ఇచ్చొచ్చింది. పిల్లాడికి ఈ సంగతి తెలిసేలోపే మనకు తెలుసు. జేబు అంచున కాగితం మూల ఒక సెకను కనిపిస్తుంది. తర్వాత బొగ్గుల ఇస్త్రీపెట్టె క్లోజప్, ఎర్రగా నిప్పులు. తర్వాత బట్టల దొంతర. ఆ చొక్కా పైనుంచి ఐదోది.

ఆ దొంతరే మా గడియారం. పిల్లాడు సైకిలెక్కుతాడు. కట్ చేసి దుకాణానికొస్తే నాలుగు చొక్కాలే పైన ఉంటాయి. మళ్లీ రోడ్డు. ఈసారి మూడు. ఒక నియమం పెట్టుకున్నాం. సైకిల్ ఎప్పుడూ ఫ్రేములో ఎడమ నుంచి కుడికే పోవాలి. దిక్కు మారితే చూసేవాడు తికమకపడతాడు, తికమకపడితే ఊపిరి బిగబట్టడు. ప్రతి రోడ్డు షాట్ చివర సైకిల్ ముందు చార్మినార్ కనిపించాలి, ప్రతిసారీ కొంచెం పెద్దదవ్వాలి. ఎంత దూరం వచ్చాడో వేరే చెప్పే పనే లేదు.

మరి అడ్డంకి ఎవరు? విలన్ లేడు కదా! ఆ ఐడియా దోస్తుదే. పాతబస్తీలో మనల్ని ఆలస్యం చేసేది ప్రేమ. ఓ పెద్దాయన ఆపి నాన్న ఆరోగ్యం అడుగుతాడు. సలాం చెప్పకుండా ఎట్ల పోతాడు? హోటల్ ముందు మామూ "చాయ్ పీకే జా" అని చెయ్యి పట్టుకుంటాడు. ఇక్కడ మాత్రం కట్ చేయలేదు. సాసర్‌లో చాయ్ చల్లారేదాకా షాట్ అలాగే ఉంచాం. మామూలుగా చూస్తే బోర్ కొట్టే షాట్ అది. కానీ దొంతర సంగతి మనకు తెలుసు కాబట్టి ఆ చాయ్ కప్పు బాంబు కంటే భయంగా ఉంటుంది.

సెమినార్ హాల్లో వేసినప్పుడు, ఇస్త్రీ ఆయన చొక్కా పరిచి నీళ్లు చిలకరించబోతుండగా వెనక వరసలోంచి ఎవరో "జేబు చూడు చాచా!" అని అరిచారు. తెర మీది చాచా చూశాడు. ఏళ్ల అలవాటు. నీళ్లు చల్లేముందే వేళ్లు జేబులోకి వెళ్తాయి. కాగితం తీసి డబ్బా కింద భద్రంగా పెడతాడు. పిల్లాడు రొప్పుతూ వచ్చేసరికి అది అక్కడే ఉంటుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రిలీజ్ రోజున 99 శాతం దగ్గర ఆగిపోయిన స్క్రీన్‌ను అందరం గుడ్లప్పగించి చూస్తున్నప్పుడల్లా నాకు ఆ హాలే గుర్తొస్తుంది.

ప్రైజుల సంగతి వదిలేయండి. మాకు అసలు జ్యూరీ వేరే ఉంది. దోస్తు వాళ్ల ఇంట్లో వాళ్ల అమ్మీకి లాప్‌టాప్‌లో సినిమా చూపించాం. తన గల్లీ కనపడ్డప్పుడు నవ్వింది. చాయ్ షాట్ దగ్గర కుట్టుపని పక్కన పెట్టేసింది. అయిపోయాక కెమెరా గురించి ఒక్క ముక్క అడగలేదు. మా వంక చూసి, ఇంకా కంగారుగానే, "అచ్ఛా, పర్చా కైసా గయా ఉస్‌కా?" అంది.

ఆ పిల్లాడు పరీక్ష ఎలా రాశాడో ఆమెకు తెలియాలట.