ఫోనులోని యాటలు

ఈ సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరి మూడు వారములైనది. గణితమును గుఱించి వ్రాసినచో ఎవ్వరును చదువరని మాకు తెలియును. కంప్యూటరు గదిని గుఱించి వ్రాసినచో ప్రకటనవలె నుండును. కావున, ఆ గది తాళపుచెవి మాయొద్ద నుండుటచేత మేము దినదినమును వినవలసి వచ్చుచున్న యొక వాదమునే యిచ్చట వ్రాయుచున్నాము. చదువరులలో ననేకులు ఆ వాదములో పాల్గొన్నవారే. తమ మాటలను తామే యిందు గుర్తించినచో కోపగింపవలదని ప్రార్థన.

ఈ వాదము సామాన్యముగా తల్లిదండ్రుల సమావేశమునాడు మొదలగును. "ఫోను వచ్చింది, పిల్లవాడు చెడిపోయాడు మాస్టారూ" అని యొక తండ్రి యనును. ఆ మాట ముగియులోపల ఆయన చేతిలోని ఫోను రెండుమార్లు మ్రోగును. వేఱొక తల్లి తన కుమారునిచేత ఫోనులోనే మిరప ధర చూపించుకొని, ఎరువుల కొట్టువానికి డబ్బు పంపించుకొని, ఫోనును నిందించుచు ఇంటికి పోవును. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినపుడు, పాఠములు వినుటకని పాడిగేదె నమ్మి ఫోను కొన్నవారు కూడ వీరిలో నున్నారు. ఆ వస్తువుపై వారికి గల కోపము, అప్పిచ్చిన చుట్టముపై గల కోపము వంటిది; విడువను లేరు, ఓర్వను లేరు.

ఉపాధ్యాయుల గదిలో వాదము మఱియొక తీరున నడచును. మా తెలుగు పండితులు ధర్మరాజు కథ చెప్పుదురు. రాజ్యము పోవుటకు ఆనాడు ఫోను అక్కఱలేకపోయినదనియు, పాచికలే చాలినవనియు, కావున దోషము యంత్రమునందు లేదనియు వారి తీర్పు. వ్యాయామోపాధ్యాయులు చెమట పట్టని దానికి ఆట యను పేరే తగదందురు. ఈ విషయమున మేము వారితో నేకీభవింపజాలము. మా చిన్ననాట మా యూరి రచ్చబండ రాతిమీద పులిజూదపు పటము చెక్కియుండెను. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకలు పులిని కదలనీయక చుట్టివేయును. ఆ యాటలో చెమట యన్నది లేదు. కాని బలహీనులు పదునైదుగురు కలిసికట్టుగా నుండిన నేమి చేయగలరో ఆ రాతియొద్ద మాకు తెలిసినంత చక్కగా ఏ పాఠ్యపుస్తకమునందును తెలియలేదు. ప్రొద్దు క్రుంకగనే గీతలు కనబడక ఆట ముగిసెడిది. ఈ తుది సంగతిని చదువరులు కొంచెము జ్ఞప్తియం దుంచుకొందురు గాక.

విద్యార్థుల పక్షమున తఱచుగా వినవచ్చునది చదరంగము. 1997 మే నెలలో న్యూయార్కు నగరమున, ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ అను కంప్యూటరు, ప్రపంచవిజేతయగు గ్యారీ కాస్పరోవును ఆఱు ఆటల పోటీలో మూడున్నరకు రెండున్నర పాయింట్లతో ఓడించెను. ఇక మనుష్యులు చదరంగ మాడుట యెందులకని నాడు నిట్టూర్చినవారు కలరు. అట్లు జరుగలేదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, తన పదునైదవ యేట, గ్రాండుమాస్టరైనది. 2019లోను మరల 2024లోను మహిళల ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేతగా నిలిచినది. ఈ కాలపు ఆటగాండ్రు కంప్యూటరును శత్రువుగా గాక సాధనకు తోడుగా పెట్టుకొన్నారు. 2020లో ఒలింపియాడు ఆన్‌లైనునందే జరిగెను. తుదిపోటీలో మనవారిలో నిద్దఱికి నడుమ సంబంధము తెగిపోగా, విచారణానంతరము భారత రష్యాలు రెండింటిని విజేతలుగా ప్రకటించిరి. సంబంధము తెగిననాడు కూడ మనవారు ఓడలేదని మా పిల్లలు గర్వముగ చెప్పుకొందురు.

పబ్జీ సంగతి వేఱు. నూఱుగురు ఒక దీవిలో దిగి, ఒకరినొకరు కాల్చుకొని, తుదకు మిగిలినవాడు గెలుచు ఆట యది. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము 118 యాపులను నిషేధించినపుడు దీనిని గూడ నిషేధించెను. నాడు పలువురు తల్లులు మాతో ఫోనున మాటలాడి, "ప్రభుత్వంవారు మా మొర విన్నారు మాస్టారూ" అని సంతోషించిరి. ఆ ప్రకటనను తెప్పించుకొని చదువగా అందు పిల్లల చదువు మాట యెచ్చటను లేదు. దేశభద్రత, ప్రజల సమాచారము పరదేశములకు చేరుట మున్నగునవే కారణములుగా నుండెను. మేము తల్లులకు ఆ సంగతి చెప్పలేదు. 2021 జూలైలో బీజీఎంఐ అను పేర ఆ యాటయే తిరిగి వచ్చెను. 2022లో మరల ఆగి, 2023లో మరల వచ్చెను. పేరు మారినదే గాని, దుముకుట, కాల్చుట, తుదకొకడు మిగులుట మారలేదు.

2025 సెప్టెంబరులో మా వక్తృత్వసంఘమున "ఆన్‌లైను ఆటలను పిల్లలకు నిషేధింపవలెను" అను విషయము చర్చకు పెట్టబడినది. అధ్యక్షత మాకు తప్పలేదు. నిషేధపక్షమున పదవ తరగతి బాలిక యొకతె చక్కగా మాటలాడినది. చైనాలో 2021 సెప్టెంబరు 1వ తేదీ మొదలుకొని పదునెనిమిదేండ్లలోపు వారు శుక్ర, శని, ఆదివారములందును సెలవుదినములందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది గంటలవఱకు మాత్రమే ఆడవలెనని నియమించిరనియు, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన తన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినదనియు చెప్పినది. ఎక్కువసేపు ఆడిన ప్రతివాడును రోగి కాడనియు, ఆటపై అదుపు తప్పి, తక్కిన పనులన్నియు వెనుకబడి, నష్టము కనబడుచున్నను మానలేని స్థితి సామాన్యముగా ఏడాది కాలము నిలిచిననే దానిని వ్యాధిగా పరిగణింతురనియు ఆమె తానే చెప్పుట మాకు మెప్పు కలిగించినది. తన పక్షమునకు అడ్డువచ్చు మాటను దాచని వక్తలు పెద్దలలో కూడ అరుదు.

ఎదుటిపక్షపు బాలుడు న్యాయస్థానము నాశ్రయించెను. సికింద్రాబాదునందలి యొక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పోలీసులు పెట్టిన కేసు సుప్రీముకోర్టు వఱకు పోయినది. పడిన ముక్కలను జ్ఞాపక ముంచుకొనుట, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో యెఱుగుట నేర్పుతో కూడిన పని గనుక, రమ్మీ కేవలము అదృష్టపుటాట కాదని 1967లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. "నేర్పుతో ఆడే ఆటను జూదమనడం అన్యాయం" అని ఆ బాలుడు బల్ల చఱచి కూర్చుండెను. చప్పట్లు గట్టిగా మ్రోగినవి. ఆ తీర్పులోనే, ఆ యాటవలన క్లబ్బువారు లాభము గడించుచున్నచో అది నేరము కావచ్చునను మాట కూడ కలదు. వాడు దానిని విడిచిపెట్టినాడు, మేము చెప్పబోవుచుంటిమి.

అంతలో వెనుక బల్లనుండి తొమ్మిదవ తరగతి పిల్లవా డొకడు లేచినాడు. వాని పేరు వక్తల పట్టికలో లేదు. వసతిగృహపు పిల్లవాడు, మితభాషి. నియమమునకు విరుద్ధమైనను మేము చేయి యూపితిమి.

"అయ్యా, మా అన్న మా ఊళ్లో పేకాటలో మొనగాడు. ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో చెప్పేవాడు. సంక్రాంతికి అందరి దగ్గరా గెలిచి మాకు మిఠాయి కొనిపెట్టేవాడు. ఫోనులోనూ మొదట గెలిచాడు. నేర్పు లేనివాడైతే రెండు వందలు పోగానే మానేసేవాడు. మా అన్నకు నేర్పు ఉంది. అందుకని పోయింది మళ్లీ తేగలననుకున్నాడు. మా నాన్న మిరపకాయలమ్మిన డబ్బు అన్న ఖాతాలో ఉండేది. పదకొండు రోజుల్లో అయిపోయింది." కొంచెమాగి, "అది నేర్పా అదృష్టమా అని పెద్దలు వాదించుకొంటారు. మా ఇంట్లో ఆ వాదం లేదండీ" అని కూర్చుండినాడు.

చర్చానంతరము ఓట్లు తీయుట మా కాచారము. ఆనాడు తీయలేదు.

ఆంధ్రప్రదేశములో 2020లోను, తెలంగాణలో అంతకుముందు 2017లోను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను రమ్మీని నిషేధించుచు చట్టములను సవరించియుండిరి. ఆ యన్న బెంగుళూరులో పనిచేయుచుండెను. సరిహద్దు దాటిన పిదప మన నిషేధము వానివెంట పోలేదు. 2025 ఆగస్టు 22వ తేదీన రాష్ట్రపతి యామోదము పొందిన కేంద్రచట్టము నేర్పు, అదృష్టము అను భేదమునే త్రోసివేసినది. ఆట యెట్టిదైనను, డబ్బు పందెముగా పెట్టి ఆన్‌లైనున ఆడించువానికి మూడేండ్లవఱకు జైలు, కోటి రూపాయలవఱకు జరిమానా. ఆడినవానికి శిక్ష లేదు. పందెము లేని యాటలను అది ప్రోత్సహించును. ఆట కంపెనీలవారు దానిపై న్యాయస్థానముల కెక్కిరి. వారి న్యాయవాదులు చెప్పునదంతయు వట్టిదని మేమనము. కాని, నేర్పు గలవానికే ఎక్కువ ప్రమాదమను సంగతి ఆ తొమ్మిదవ తరగతి పిల్లవాడు చెప్పినంత స్పష్టముగా ఇరుపక్షములలో ఎవ్వరును చెప్పగా మేము వినలేదు.

ఈ చర్చను గుఱించి విని, హైదరాబాదులో ఆటలకు బొమ్మలు వేయు ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు మాకు పెద్ద జాబు వ్రాసినాడు. అందు కొంత నిష్ఠూరమున్నది. ఒక చెట్టు ఆకులు గాలికి కదలునట్లు చేయుటకు తనకు రెండు వారములు పట్టెననియు, తన పనిని మట్కాతో కలిపి ఒకే తక్కెడలో తూచుట న్యాయము గాదనియు వ్రాసినాడు. వాని మాట చాలవఱకు నిజము. బొమ్మలాటయు నాటకమును సినిమాయు మొదట పెద్దలచేత తిట్లు తిన్నవే. ఆటను చేయుట యొక కళ. అందు గణితము కలదు, సంగీతము కలదు, కథ కలదు. మేము వానికి సంతోషముతో ప్రత్యుత్తరము వ్రాయుచు ఒకే ప్రశ్న వేసితిమి: మీ యాట ఎప్పుడు ముగియును? "ముగియదు మాస్టారూ" అని జవాబు వచ్చినది. ఆడువారు ఏ నిమిషమున ఆట మాని లేచిపోవుచున్నారో చూచుటకు తమ కార్యాలయములో ప్రత్యేకముగ కొందఱున్నారట. ఆ లేచిపోవు చోటునే మరునాడు మార్చుదురట.

రచ్చబండ మీద ఇది సాధ్యము కాదు. ఎదుటివాడు ఆవులించును, ఇంటినుండి కేక వచ్చును, చీకటి పడును. అంతేకాదు, పులి ఎచ్చట నున్నదో మేకలవానికిని, మేకలెన్ని మిగిలినవో పులివానికిని సమానముగా కనబడును. ఫోనులోని రమ్మీలో ముక్కలు పంచు చేయి మనకు కనబడదు. మా కంప్యూటరు గదిలో పిల్లలు చదరంగము నేర్చుకొను స్టాక్‌ఫిష్ అను సాఫ్టువేరు మాత్రము మఱియొక జాతికి చెందినది. 2008లో వెలువడిన ఆ సాఫ్టువేరు లోపలి వ్రాతనంతటిని అందఱికిని తెఱచియుంచిరి. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు ఇయ్యవచ్చును. అది మమ్ము ప్రతిదినమును ఓడించును, కాని ఏల ఓడించెనో అడిగినచో దాచదు. ఫోనులోని యాటలన్నియు మంచివా చెడ్డవా యని మమ్మడుగు తల్లిదండ్రులకు మే మిపుడు ఈ రెండు సంగతులే చెప్పుచున్నాము: అది ఎప్పుడు ముగియునో చూడుడు, పంచు చేయి ఎవరిదో చూడుడు. కొందఱికి ఈ జవాబు రుచింపలేదు. వారికి ఔననియో కాదనియో కావలెను.

దసరా సెలవులకు ముందు ఆ పిల్లవాని తల్లి వచ్చినది. "వీణ్ణి మాన్పించి పనిలో పెడతానండి అయ్యగారూ, పెద్దాడు చేసినదానికి ఇంకేం దారి లేదు" అని కొంగుతో ముఖము తుడుచుకొన్నది. ప్రధానోపాధ్యాయులు ఆమెను కూర్చుండబెట్టి రెండు గంటలు మాటలాడిరి. వసతిగృహపు రుసుము ఏప్రిలు వఱకు ఆపుటకు ఒప్పుకొనిరి. అన్న బెంగుళూరు విడిచి గుంటూరులో ఒక కొట్టులో పనికి కుదిరినాడు. నెలనెలకు కొంత తండ్రి యప్పులో జమ చేయుచున్నాడు. ఏప్రిలు తరువాత ఏమగునో యింకను తేలలేదు. వసతిగృహములో ఫోనులు రాత్రివేళ వార్డెనుగారి బీరువాలో నుంచవలెనని నిర్ణయమైనది. పెద్ద తరగతులవారు దీనికి వ్యతిరేకముగా ఒక విన్నపము వ్రాసిరి. అందు అక్షరదోషములు తక్కువ గనుక మేము దానిని ఆదరముతో చదివితిమి.

ఆ పిల్లవాడిపుడు సాయంకాలములందు కంప్యూటరు గదికి వచ్చుచున్నాడు. పైథాన్ అను భాషలో పులిజూదము వ్రాయుచున్నాడు. ఇరువది మూడు స్థానములను గుర్తించుట, పులి దుముకుట వానికి రెండు వారములలో పట్టుపడినవి. మేకలే వానిని ఏడిపించుచున్నవి. ఒక్కొక్క మేక తనపాటికి తాను చక్కగనే నడచును, పదునైదు కలిసి నడువవు. రాత్రి ఎనిమిది కాగానే ఆట తానే ఆగిపోవునట్లు వ్రాసినాడు. తక్కినవారు తొమ్మిదివఱకైన నుండవలెనని వానితో పోరుచున్నారు. వాడింతవఱకు లొంగలేదు. నిన్న మేము గదికి తాళము వేయబోవుచుండగా, "పదకొండు మేకలు బ్రతికాయి మాస్టారూ" అని కేక వేసినాడు.