కుర్చీ దిగని కథానాయకుడు

"మొదటి ఇరవై గంటలు ఓపిక పట్టు, తర్వాత చూడు మజా" అంటూ ఎవరైనా గేమ్ చేతికిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై గంటలంటే ఏడెనిమిది తెలుగు సినిమాలు! అయినా జపనీస్ రోల్ ప్లేయింగ్ గేముల పిచ్చి ఉన్న మనవాళ్లెవరూ ఈ మాట అనకుండా ఉండలేరు. జెనోగేర్స్ పేరెత్తితే నేనూ అంతే.

1998లో స్క్వేర్ సంస్థ ప్లేస్టేషన్ కోసం తెచ్చిన గేమ్ ఇది. తెత్సుయా తకాహాషి, ఆయన భార్య కావోరి తనాకా కలిసి అల్లిన కథ. మొదట ఫైనల్ ఫాంటసీ 7 కోసమని ఇస్తే, ఆ సిరీస్‌కి ఇంత చీకటి పనికిరాదని పక్కనపెట్టి, విడిగా తీసుకోమన్నారు. లహాన్ అనే పల్లెలో బొమ్మలు గీసుకునే ఫే అనే కుర్రాడు, ఊరి మీదికి యుద్ధం వచ్చిపడితే గేర్ అనే మహాయంత్రం ఎక్కుతాడు. ఊరిని కాపాడబోయి తన చేత్తోనే బుగ్గి చేస్తాడు. అక్కణ్ణుంచి కథ ఫ్రాయిడ్, యూంగ్, నీచేల మీదుగా పదివేల ఏళ్లు వెనక్కి వెళ్తుంది. ఇంత సాహసం చేసిన గేములు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి ఆడటం? అక్కడే నా ఏడుపు. మాటలు తెర మీద ఒక్కో అక్షరంగా పడతాయి, ఏ బటన్ నొక్కినా తొందరపడవు. ఫే స్నేహితుడు డాక్టర్ సిటాన్ నోరు తెరిచాడంటే మనం వెళ్లి టీ పెట్టుకు రావచ్చు. సరే, అదీ భరిద్దాం. బాబెల్ టవర్ సంగతి చెప్పండి! ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి ఎగరాలి. ఎగిరి గాల్లో ఉండగానే ఎక్కణ్ణుంచో శత్రువులు ఊడిపడతారు. కొట్లాట ముగిసేసరికి అందుకోవాల్సిన మెట్టు తప్పి కిందపడతాం. మళ్లీ ఎక్కు. మళ్లీ శత్రువులు. దీన్ని రూపొందించినవాళ్లు ఒక్కసారైనా ఆడి చూశారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక అందరూ తిట్టే రెండో డిస్కు. గడువులోగా పని తెమల్లేదు. మొదటి డిస్కుతో ఆపేద్దామన్న మాట వస్తే, కుదించైనా సరే చివరిదాకా చెబుదామన్నాడట తకాహాషి. దాంతో ఫే, కథానాయిక ఎల్లీ చీకట్లో కుర్చీలో కూర్చుని, జరిగిన యుద్ధాలన్నీ మనకు వినిపిస్తారు. బుర్రకథలోనూ యుద్ధం వినడమే కదా అంటారేమో. అక్కడ కథకుడు గంతులేస్తాడు, పక్కన వంతలు తందాన అంటారు. ఫే బాబు కుర్చీ దిగడు!

అయినా ఆ కుర్చీని నేను తిట్టను. కథ సగంలో ఆగిపోయి ఉంటే తకాహాషిని శపించేవాణ్ణి. ఆడించే ఓపిక లేకపోయినా, చెప్పకుండా వదిలిపెట్టని మొండితనం నాకిష్టం. పైగా వెనకాల యాసునోరి మిత్సుదా సంగీతం. ఐరిష్ జానపద బాణీల వాసన తగిలే ఆ పాటలు గేమ్ పెట్టకుండా విన్నా చెవిలో ఉండిపోతాయి. ఆయన క్రోనో ట్రిగ్గర్ సంగీతం గొప్పదా, ఇది గొప్పదా అన్న తగువు ఇంకో వ్యాసం తినేస్తుంది.

ఆఖర్న తెర మీద 'ఎపిసోడ్ 5' అని పడుతుంది. మిగతా భాగాలు ఆ పేరుతో రానే లేదు. తకాహాషి మాత్రం 1999లో మోనోలిత్ సాఫ్ట్ పెట్టుకుని, జెనోసాగా, జెనోబ్లేడ్ అంటూ ఆ 'జెనో'ని వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

కాబట్టి ఆడండి. బాబెల్ టవర్ దగ్గర తిట్టుకోండి, కావాలంటే నన్నే తిట్టుకోండి. రెండో డిస్కు చూసి మాత్రం ఆపేయకండి.